ఎండ రాని మూల: ఈ నెల ఇంటి పాఠం



దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక ఎండ రాని మూల ఉంటుంది. సొంతిల్లయితే ఇంటి గోడకూ ప్రహరీ గోడకూ మధ్య మూడు నాలుగడుగుల సందు. అపార్ట్‌మెంట్ అయితే పక్క బ్లాక్ నీడలో ఉండిపోయే వెనక బాల్కనీ. అద్దె ఇల్లయితే మెట్ల కింద కాస్త జాగా. పాత బకెట్లు, విరిగిన కుర్చీ, ఖాళీ పెయింట్ డబ్బాలు చేరేది అక్కడికే. ఎప్పుడో తెచ్చిన గులాబీ మొక్క ఎండిపోయాక మిగిలిన కుండీ కూడా అక్కడే ఉంటుంది.

ఆ మూలను ఈ నెల మీ పిల్లలకు అప్పగించండి. పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. సూర్యుడి గమనం, ఆకు పనితీరు, దోమ జీవితచక్రం, పదో తరగతి త్రికోణమితి, అన్నీ ఆ నాలుగు చదరపు అడుగుల్లోనే దొరుకుతాయి.

ముందు ఎండను కొలవండి, మొక్కను తర్వాత కొనండి

మనలో చాలామంది నర్సరీకి వెళ్లి, పువ్వు బాగుందని మొక్క కొని, ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలా అని చూస్తాం. ఈసారి ఈ వరుసను తిప్పేయండి.

ఒక ఆదివారం ఉదయం 8, 10, మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4 గంటలకు మీ అబ్బాయినో అమ్మాయినో ఆ మూలకు పంపండి. నేలమీద ఎండ పడిన మేర సుద్దముక్కతో గీత గీసి, పక్కన సమయం రాయమనండి. సాయంత్రానికి ఎండ పటం తయారవుతుంది. నేరుగా ఎండ ఆరు గంటలు, అంతకు మించి పడితే అది పూర్తి ఎండ చోటు. మూడు నుంచి ఆరు గంటలైతే అర నీడ. మూడు గంటల లోపైతే నీడ చోటు.

అసలు ఎండే పడకపోతే ఇంకో చిన్న పరీక్ష ఉంది. మిట్టమధ్యాహ్నం తెల్ల కాగితం కింద పెట్టి, దానికి అడుగు ఎత్తున చెయ్యి చాపండి. చేతి నీడ వేళ్లతో సహా స్పష్టంగా కనిపిస్తే వెలుతురు బాగా ఉన్నట్టు. అంచులు మసకబారితే మధ్యస్థం. నీడే సరిగా కనబడకపోతే అక్కడ వెలుతురు తక్కువ. ఈ పరీక్ష ఒకటో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

నీడ కూడా కదులుతుంది

ఒక్క రోజు గీసిన పటం ఏడాదంతా పనికిరాదు. ఎందుకో పెద్ద తరగతుల పిల్లలను అడగండి.

తెలుగు రాష్ట్రాలు రెండూ కర్కట రేఖకు దక్షిణంగా ఉన్నాయి. అందువల్ల ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదికి వస్తాడు. హైదరాబాద్‌లో ఇది మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి జరుగుతుంది. ఆ రోజు నిలువుగా నిలబెట్టిన కర్రకు కొద్ది క్షణాలపాటు పక్కకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు కాస్త ఉత్తరం వైపు ఉంటాడు. మిగతా నెలలన్నీ దక్షిణం వైపే. కాబట్టి ఇంటికి ఉత్తరాన ఉన్న సందులో డిసెంబరులో చుక్క ఎండ కూడా పడకపోవచ్చు. అదే సందులో జూన్‌లో మధ్యాహ్నం ఎండ పడుతుంది.

పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో దీన్ని లెక్కగా చేయించండి. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడి ఎత్తు కోణం సుమారు 49 డిగ్రీలు. గోడ ఎత్తు 10 అడుగులు. 49 డిగ్రీల ట్యాన్ విలువ సుమారు 1.15. పదిని 1.15తో భాగిస్తే గోడ నీడ 8న్నర అడుగులకు పైనే వస్తుంది. జూన్ మూడో వారంలో అదే గోడ నీడ సుమారు ఒక్క అడుగు, అదీ దక్షిణం వైపు. పుస్తకంలో గుడి గోపురం ఎత్తు కనుక్కోమన్నప్పుడు విసుక్కునే పిల్లలు, తమ ఇంటి గోడ నీడను టేపుతో కొలిచి సరిచూసుకునేటప్పుడు విసుక్కోరు.

నీడ అంటే బంజరు కాదు

"ఎండ లేదు, అక్కడేం పెరుగుతుంది?" అని మనమే పిల్లలతో అంటుంటాం. మన పంటలను చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. అరకు, పాడేరు కొండల్లో కాఫీ మొక్కలను సిల్వర్ ఓక్ చెట్ల నీడలోనే పెంచుతారు. అవే చెట్లకు మిరియాల తీగలు పాకిస్తారు. కోస్తాలో కొబ్బరి చెట్ల కింద కోకో వేస్తారు. తమలపాకు తోటలో అవిసె చెట్లు పెంచేది తీగకు ఆసరాతో పాటు నీడ కోసం కూడా. నీడ ఈ పంటలకు కావలసిన వసతి.

ఆకు దగ్గర ఇందుకు కారణం కనిపిస్తుంది. నీడలో పెరిగే ఆకు సాధారణంగా వెడల్పుగా, పల్చగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. అందిన కొద్దిపాటి వెలుతురును వీలైనంత పట్టుకోవడానికి అది అలా ఏర్పడుతుంది. ఎండలో ఉండే ఆకు చిన్నగా, మందంగా ఉంటుంది. వీధిలో ఉన్న మామిడి చెట్టునో వేప చెట్టునో చూపించి, ఎండ తగిలే కొమ్మ ఆకునూ లోపలి కొమ్మ ఆకునూ పక్కపక్కన పెట్టి పోల్చమనండి. ఒకే చెట్టులోనూ ఈ తేడా కనిపిస్తుంది.

ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

అర నీడ అయితే: తమలపాకు, పుదీనా, అల్లం, పసుపు, వాము ఆకు, సరస్వతి ఆకు, రంగుల ఆకుల కోలియస్. పసుపు కొమ్మును మే, జూన్ నెలల్లో నాటితే సంక్రాంతి దాటాక తవ్వుకోవచ్చు. పిల్లలు తాము తవ్విన పసుపును చేత్తో పట్టుకుంటే వారికి పంటకాలం అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

నీడ ఎక్కువైతే: స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, మనీ ప్లాంట్, ఫెర్న్, పీస్ లిల్లీ.

పెట్టకూడనివి: గులాబీ, బంతి, చామంతి, మల్లె, తులసి, టమాటా, మిరప, వంగ, బెండ. ఇవి బతికినట్టే కనిపిస్తాయి. కానీ కాడలు వెలుతురు కోసం సన్నగా సాగిపోతాయి, పూత రాదు, చివరికి వడలిపోతాయి. వీటికి ఎంత ఎరువు వేసినా ఎండ లోటు తీరదు.

కొనేటప్పుడు ఒక మాట. కడియం వంటి చోట్ల నుంచి వచ్చే నీడ మొక్కలు చాలావరకు షేడ్‌నెట్ కింద పెరిగినవి. తెచ్చిన రోజే కుండీ మార్చకండి. వారం పది రోజులు అదే కవర్‌లో ఉంచి, కొత్త చోటుకు అలవాటు పడ్డాక మార్చండి. నాలుగైదు మొక్కలు చాలు. తమలపాకు, మనీ ప్లాంట్, పుదీనా అయితే కొననక్కర్లేదు, పక్కింటివారిని ఒక కొమ్మ అడిగితే సరిపోతుంది.

ఏసీ బయటి యూనిట్ వేడిగాలి తగిలే చోట ఏ మొక్కా పెట్టవద్దు. కుండీలను గోడకు అరడుగు దూరంలో ఉంచండి. మట్టిని గోడకు ఆనించి పోస్తే చెమ్మ ఇంట్లోకి దిగుతుంది. వీలైతే ఆ గోడకు తెల్ల సున్నం వేయించండి. తెలుపు వెలుతురును తిప్పి కొడుతుంది కాబట్టి సందు మొత్తం కాస్త వెలుగుతుంది.

మూడు జాగ్రత్తలు, ఇవి పెద్దల బాధ్యత

మొదటిది, శుభ్రం చేయడం. పాత సామాను కింద తేళ్లు, జెర్రులు, వానాకాలంలో పాములు కూడా ఉండవచ్చు. పట్టపగలు, బూట్లు వేసుకుని, ముందు కర్రతో కదిలించి పెద్దవాళ్లే తీయాలి. ఆ పని పూర్తయ్యాకే పిల్లలను రానివ్వండి.

రెండోది, దోమలు. నీడలో నీరు త్వరగా ఆరదు. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ పగలే కుడుతుంది, కుండీ కింది పళ్లెంలో నిలిచిన కొద్దిపాటి నీటిలో కూడా గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అంటుకుని, నీరు ఆరినా నెలల తరబడి చావకుండా ఉండగలవు. అందుకే నీరు పారబోస్తే చాలదు, పళ్లేన్ని పీచుతో రుద్ది కడగాలి. వారానికి ఒక రోజు నిర్ణయించుకోండి. ఈ పని జరగని ఇంట్లో నీడ తోట వద్దు, ఖాళీ మూలే నయం.

మూడోది, నోట్లో పెట్టుకోవడం. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటాం కదా. కందలో ఆ దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్ ప్లాంట్, డిఫెన్‌బాకియా, చామ, ఇవన్నీ కంద కుటుంబానివే. ఆకు నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలో పెంపుడు జంతువులో ఉంటే వీటిని అందని ఎత్తులో వేలాడదీయండి, లేదా అసలు మానేయండి. డిఫెన్‌బాకియా అయితే కొనకపోవడమే మంచిది.

నీళ్లు తగ్గించండి

నీడ మొక్కలు ఎండిపోవడం కన్నా నీళ్లెక్కువై కుళ్లిపోవడమే ఎక్కువ. రోజూ ఒక మగ్గు పోయాలన్న నియమం వద్దు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. ఈ పని మీ పిల్లలకే వదిలేయండి.

మొక్కలే వద్దనుకుంటే ఆ మూల కంపోస్టుకు సరిగ్గా సరిపోతుంది. రంధ్రాలున్న పాత బకెట్‌లో ఒక వంతు వంటింటి తడి చెత్తకు రెండు మూడు వంతులు ఎండుటాకులు పొరలుగా వేసి, మూత పెట్టి, వారానికి రెండుసార్లు కలిపితే రెండు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. నీడ కాబట్టి తేమ నిలుస్తుంది. దుర్వాసన వస్తే ఎండుటాకులు తక్కువయ్యాయని అర్థం.

ఏ తరగతికి ఏ పని

1 నుంచి 3 తరగతులు: చేతి నీడ పరీక్ష, వేలు పెట్టి తడి చూడటం, వారానికో బొమ్మ గీయడం.

4 నుంచి 6 తరగతులు: సుద్దముక్కతో ఎండ పటం, వారానికోసారి కొత్త ఆకుల లెక్క, పళ్లేలు కడిగే క్యాలెండర్.

7 నుంచి 10 తరగతులు: నీడ పొడవు లెక్క, ఎండ ఆకు, నీడ ఆకు పోలిక, రెండు పుదీనా కొమ్మలను రెండు చోట్ల పెట్టి నెల రోజుల గ్రాఫ్.

మీకు ఒక విన్నపం

ఈ పనికి మార్కులు లేవు. అందుకే పిల్లల బదులు మీరు చేయకండి. పటం వంకరగా ఉండనివ్వండి. మొక్క చనిపోతే, పిల్లలు నిద్రపోయాక అలాంటిదే ఇంకొకటి తెచ్చి అక్కడ పెట్టకండి. చనిపోయిన మొక్కను వేర్లతో సహా బయటికి తీసి పిల్లలతో కలిసి చూడండి. వేర్లు నల్లగా మెత్తగా ఉంటే నీళ్లెక్కువయ్యాయి. తెల్లగానే ఉండి కాడ సన్నగా సాగిందంటే వెలుతురు చాలలేదు. కారణం తెలిసిన పిల్లలకు "నా చేత్తో ఏదీ బతకదు" అనే మాట రాదు. "ఈ మొక్కకు ఈ చోటు సరిపోలేదు" అంటారు. ఈ రెండు మాటల మధ్య తేడా పరీక్షల రోజుల్లోనూ వాళ్లకు అక్కరకొస్తుంది, మార్కులు చూసేటప్పుడు మనకూ వస్తుంది.

ఎండ పటాన్ని కాగితం మీదికి ఎక్కించి, పిల్లల చేతిరాతతోనే వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు తీసుకురండి. డిసెంబరులో అదే చోట మళ్లీ గీయిస్తాం. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.