ఎన్‌ఎంఎంఎస్ ఫలితాల కోసం ఎదురుచూస్తున్నారా? క్వాలిఫై కావడం, సెలెక్ట్ కావడం, పైసలు పడటం – మూడూ వేరు

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులకు, తల్లిదండ్రులకు అవగాహన పాఠం

ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి వచ్చిన రోజు నుంచి ఇంట్లో, బడిలో ఒకటే ప్రశ్న. "రిజల్ట్ ఎప్పుడొస్తది సారూ?" రిజల్ట్ వచ్చిన తర్వాత ఇంకో ప్రశ్న. "మా పోరి పాసైంది గదా, పైసలు ఎప్పుడు పడ్తయి?" ఈ రెండు ప్రశ్నల మధ్య ఏం జరుగుతుందో తెలియక చాలామంది చేతికొచ్చిన స్కాలర్‌షిప్ పోగొట్టుకుంటారు. పరీక్షలో ఓడిపోయి కాదు, కాగితాల దగ్గర ఆగిపోయి. అందుకే ఎదురుచూసే ఈ రోజుల్లో చేయాల్సిన పనులన్నీ ఈ పాఠంలో ఒక్కచోట చెబుతున్నాం.

1. అసలు ఈ పథకం ఎందుకు?

ఎన్‌ఎంఎంఎస్ అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. చదువులో చురుకుగా ఉండి, ఇంట్లో ఆదాయం తక్కువున్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టింది. పథకం ఉద్దేశం ఒక్కటే: ఎనిమిదో తరగతి తర్వాత పిల్లలు బడి మానేయకుండా చూడటం.

ఎనిమిదో తరగతి దగ్గరే ఎందుకు? విద్యాహక్కు చట్టం కింద ఉచిత నిర్బంధ విద్య 14 ఏళ్ల వరకు, ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాత ఇంటి పరిస్థితిని బట్టి నడుస్తుంది. పాలమూరు నుంచి పనుల కోసం వలస పోయే కుటుంబాల సంగతి మనకు కొత్త కాదు. గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ పనికి పిల్లలను పంపిన రోజులూ మనకు తెలుసు. సరిగ్గా ఆ వయసులో బిడ్డను బడిలోనే నిలబెట్టడానికి ఈ డబ్బు.

నెలకు 1,000 రూపాయల లెక్కన ఏడాదికి 12,000 ఇస్తారు. 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు నాలుగేళ్లు. మొత్తం 48,000. మొదట్లో నెలకు 500 ఉండేది, 2017 ఏప్రిల్ నుంచి 1,000 చేశారు. నెలకు ఇంత అని లెక్క చెప్పినా ప్రతి నెలా పడుతుందని ఎదురుచూడొద్దు. ఏడాదికి సంబంధించిన మొత్తంగా వస్తుంది.

2. ఎవరికి వర్తిస్తుంది?

– ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో, హాస్టల్ వసతి లేకుండా మోడల్ స్కూళ్లలో చదివేవారికి.
– తల్లిదండ్రుల ఆదాయం అన్నీ కలిపి ఏడాదికి 3,50,000 రూపాయలు మించకూడదు.
– పరీక్ష రాయడానికి 7వ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 శాతం చాలు.

ప్రైవేటు బడులు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, తిండి, వసతి ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు.

3. క్వాలిఫై వేరు, సెలెక్ట్ వేరు

పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. నిదానంగా చదవండి.

పరీక్షలో రెండు భాగాలు. మేధాశక్తి పరీక్షకు 90 మార్కులు, పాఠ్యాంశాల పరీక్షకు 90 మార్కులు. మొత్తం 180. రెండూ కలిపి 40 శాతం రావాలి, అంటే 72 మార్కులు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 32 శాతం, అంటే 58 మార్కులు. ఇది దాటితే క్వాలిఫై అయినట్టు.

క్వాలిఫై అయిన అందరికీ స్కాలర్‌షిప్ రాదు. దేశం మొత్తానికి ఏడాదికి లక్ష స్కాలర్‌షిప్‌లు. అందులో తెలంగాణ వాటా 2,921. రాష్ట్రంలో 33 జిల్లాలున్నాయి. కాబట్టి 72 మార్కులు అంటే వరుసలో నిలబడే అర్హత మాత్రమే. వరుసలో ముందున్నవారిని మెరిట్ ప్రకారం, రిజర్వేషన్ ప్రకారం తీసుకుంటారు. ఆ పేర్లతో వచ్చేదే సెలెక్షన్ లిస్టు.

బంధువులు ఫోన్ చేసి "ఎన్ని మార్కులొచ్చినయ్?" అని అడిగితే చెప్పండి. కానీ మీరు చూడాల్సింది మార్కులు కాదు, సెలెక్షన్ లిస్టులో హాల్‌టికెట్ నెంబరు ఉందా లేదా అన్నది. తెలంగాణలో ఈ పరీక్ష నిర్వహించేది ప్రభుత్వ పరీక్షల విభాగం, హైదరాబాద్. ఫలితాలు ఆ విభాగం వెబ్‌సైట్‌లో వస్తాయి. వాట్సాప్‌లో తిరిగే లిస్టును నమ్మి సంతోషపడొద్దు, బాధపడొద్దు. హెచ్‌ఎం సారుతో వెబ్‌సైట్‌లోనే చూపించుకోండి.

4. సెలెక్ట్ అయితే అయిపోయిందా? కాలేదు

లిస్టులో పేరు వచ్చిందని సర్కారు తనంతట తానే ఖాతాలో డబ్బు వేయదు. తొమ్మిదో తరగతిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. దీన్ని ఎన్‌ఎస్‌పీ అంటారు. వరుస ఇలా ఉంటుంది:

మొదటి మెట్టు: ఆధార్‌తో ఓటీఆర్ చేసుకోవాలి. ఇది ఒకేసారి చేసే రిజిస్ట్రేషన్. 14 అంకెల నెంబరు వస్తుంది. దాన్ని నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. నాలుగేళ్లూ అదే కావాలి.

రెండో మెట్టు: 'ఫ్రెష్' దరఖాస్తు నింపాలి. సెలెక్ట్ అయిన ఏడాదే నింపాలి. "వచ్చే ఏడాది చేద్దాం లే" అంటే నాలుగేళ్ల డబ్బూ పోయినట్టే.

మూడో మెట్టు: బడిలోని నోడల్ అధికారి పరిశీలించి ఓకే చేస్తారు.

నాలుగో మెట్టు: డీఈవో ఆఫీసులోని జిల్లా నోడల్ అధికారి ఓకే చేస్తారు.

ఐదో మెట్టు: కేంద్రం నుంచి డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది.

ఒక్క మెట్టు దగ్గర ఆగినా పైకి కదలదు. తల్లిదండ్రులు అప్పుడప్పుడు స్టేటస్ చూపించుకోవాలి. 'డిఫెక్ట్' అని ఉంటే భయపడొద్దు. తప్పు సరిచేసి మళ్లీ పంపమని దాని అర్థం. గడువు లోపల పంపితే చెల్లుతుంది. 'రిజెక్ట్' అని ఉంటే మాత్రం అదే రోజు బడికి వెళ్లి కారణం అడగండి.

జిల్లాల సంగతి గుర్తుపెట్టుకోండి. 2016లో, 2019లో కొత్త జిల్లాలు వచ్చాయి. మక్తల్ వాళ్లు నారాయణపేట డీఈవో ఆఫీసుకు పోవాలి, మహబూబ్‌నగర్‌కు కాదు. అచ్చంపేట వాళ్లకు నాగర్‌కర్నూల్, ఆలంపూర్ వాళ్లకు గద్వాల, హుజూర్‌నగర్ వాళ్లకు సూర్యాపేట. దేవరకొండ వాళ్లకు మాత్రం నల్లగొండే. తెలియక బస్సు కిరాయి, ఒక రోజు కూలి పోగొట్టుకోవద్దు.

5. ఫలితం రాకముందే చేసి పెట్టుకోవాల్సిన నాలుగు పనులు

రిజల్ట్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఈ నాలుగు పనులు మన చేతిలో ఉన్నాయి.

ఒకటి, పేరు. బడి రిజిస్టర్‌లో, ఎన్‌ఎంఎంఎస్ హాల్‌టికెట్‌లో, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్కులో పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కటే ఉండాలి. మన దగ్గర ఎక్కువ చిక్కు ఇంటిపేరు దగ్గరే. ఉదాహరణకు బడిలో 'కె. అనిత', ఆధార్‌లో 'కేతావత్ అనిత', బ్యాంకులో 'అనిత కేతావత్'. మనకు ముగ్గురూ ఒక్కరే. కంప్యూటర్‌కు ముగ్గురూ వేరువేరు మనుషులు. పుట్టిన తేదీ కూడా ఇలాగే సరిచూడండి. తేడా ఉంటే ఏ కాగితంలో మార్చాలో ముందు హెచ్‌ఎం సారును అడిగి, తర్వాతే ఆధార్ సెంటర్‌కు వెళ్లండి. తొందరపడి ఒకటి మారిస్తే ఇంకోదానితో కలవకుండా పోతుంది. పిల్లలకు 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్లీ అప్‌డేట్ చేయించడం తప్పనిసరి. తొమ్మిది, పది తరగతుల్లోనే ఆ వయసు వస్తుంది కాబట్టి మర్చిపోవద్దు.

రెండు, బ్యాంకు ఖాతా. విద్యార్థి పేరు మీదే ఉండాలి. "ఆధార్ ఇచ్చినం కదా" అంటే సరిపోదు. డబ్బు ఆధార్ ఆధారంగా పడాలంటే ఆ ఖాతా ఎన్‌పీసీఐలో జోడించి ఉండాలి. బ్యాంకులో ఇలా అడగండి: "సార్, ఈ ఖాతాకు డీబీటీ ఎనేబుల్ అయిందా?" పిల్లలకు రెండు ఖాతాలుంటే ఆధార్ ఏ ఖాతాకు జోడించి ఉందో దానిలోనే డబ్బు పడుతుంది. రెండేళ్లుగా వేయడం, తీయడం లేని ఖాతా ఆగిపోయి ఉంటుంది. ఒక వంద రూపాయలు వేసి, పనిచేస్తుందో లేదో చూసుకోండి.

మూడు, ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తాయి. గడువు చివరి వారంలో అందరూ ఒకేసారి వస్తారు. ముందే తీసి పెట్టుకుంటే నిశ్చింత.

నాలుగు, ఫోన్. ఓటీపీ ఆధార్‌కు లింకైన నెంబరుకే వస్తుంది. ఆ సిమ్ నాన్న దగ్గర, నాన్న పని మీద హైదరాబాద్‌లోనో ముంబైలోనో. ఇక్కడ నెట్ సెంటర్‌లో బిడ్డ కూర్చుంది, అక్కడ ఆయన డ్యూటీలో ఫోన్ ఎత్తడు. దరఖాస్తు సగంలో ఆగిపోతుంది. వలస పోయే కుటుంబాలు ఇంట్లో ఉండే మనిషి నెంబరునే ఆధార్‌కు లింక్ చేయించుకోవాలి. లేదంటే దరఖాస్తు చేసే రోజు, టైమ్ ముందే ఆయనకు చెప్పి పెట్టాలి. ఓటీపీని హెచ్‌ఎం సారు ముందో, మీరు కూర్చున్న చోటో తప్ప ఫోన్‌లో అడిగినవారికి ఎవరికీ చెప్పొద్దు. "లిస్టులో పేరు పెట్టిస్తాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్లు మోసగాళ్లు.

6. నాలుగేళ్లు నిలబెట్టుకోవాలంటే

– ప్రతి ఏడాదీ ఎన్‌ఎస్‌పీలో 'రెన్యువల్' చేయాలి. చేయకపోతే ఆ ఏడాది 12,000 రావు.
– 8వ తరగతిలో 55 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం.
– 9 నుంచి 10కి, ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి రెండో సంవత్సరానికి మొదటిసారే పాస్ కావాలి.
– పదో తరగతిలో 60 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం.
– ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చదవాలి. ప్రైవేటు కాలేజీలో చేరినా, ఉచిత వసతి ఉన్న గురుకులంలో చేరినా ఈ స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.

గురుకులంలో సీటొస్తే వదులుకోమని మేం చెప్పడం లేదు. అక్కడ తిండి, వసతి, చదువు అన్నీ ఉచితం. రెండింటి లెక్క పక్కపక్కన పెట్టుకుని, బిడ్డను కూడా అడిగి నిర్ణయం తీసుకోండి.

7. లిస్టులో పేరు లేకపోతే?

ఈ పరీక్ష ఎనిమిదో తరగతిలో ఒక్కసారే. రానివాళ్లు చాలామంది ఉంటారు, ఎందుకంటే ఉన్నవే తక్కువ. 100 మార్కులు తెచ్చుకున్న బిడ్డను "నీకు రాలేదు" అని నలుగురిలో అనొద్దు. ఆ బిడ్డ అర్హత సాధించింది, సీట్లు అయిపోయాయి, అంతే. 9, 10 తరగతుల ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. పదో తరగతి తర్వాత ఈపాస్ ద్వారా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. పైన చెప్పిన నాలుగు పనులు వాటికీ పనికొస్తాయి. ఏదీ వృథా కాదు.

8. అర్థమైందా? సరిచూసుకోండి

ప్రశ్న 1: ఒక బీసీ అబ్బాయికి 84 మార్కులు వచ్చాయి. సెలెక్షన్ లిస్టులో నెంబరు లేదు. స్కాలర్‌షిప్ వస్తుందా?
జవాబు: రాదు. 72 దాటాడు కాబట్టి క్వాలిఫై అయ్యాడు, కానీ సెలెక్ట్ కాలేదు.

ప్రశ్న 2: ఇద్దరు స్నేహితురాళ్లకు పదిలో 58 శాతం వచ్చింది. ఒకరు ఎస్టీ, ఒకరు బీసీ. ఇద్దరూ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరారు. ఎవరికి కొనసాగుతుంది?
జవాబు: ఎస్టీ అమ్మాయికి కొనసాగుతుంది, 55 శాతం చాలు. బీసీ అమ్మాయికి 60 కావాలి కాబట్టి ఆగిపోతుంది. అందుకే పదో తరగతి మొదట్లోనే ఈ సంగతి పిల్లలకు చెప్పాలి.

ప్రశ్న 3: డబ్బు పడిందని పోర్టల్‌లో ఉంది, పాస్‌బుక్కులో లేదు. ఎక్కడ వెతకాలి?
జవాబు: ఆధార్ ఇంకో ఖాతాకు జోడించి ఉండొచ్చు. బ్యాంకులో ఆధార్ నెంబరు ఇచ్చి ఏ బ్యాంకుకు జోడించి ఉందో అడగండి.

ఈ వారమే ఒక పని చేయండి. బిడ్డ హాల్‌టికెట్, ఆధార్, పాస్‌బుక్కు మూడూ ఒక చోట పరిచి పేరు, పుట్టిన తేదీ చదివించండి. చదివేది బిడ్డే కావాలి, వినేది మీరు. ఎక్కడైనా తేడా కనిపిస్తే మరుసటి రోజే బడికి వెళ్లండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో, తండా గ్రూపులో పంపండి. ఫోన్ లేని ఇంటికి చదివి వినిపించండి.