దొంగకు గడువు ఇవ్వకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కంప్యూటర్ల నిర్వహణ ఉద్యోగంలో చేరబోతున్నావు. ఎంత జాగ్రత్తపడినా హ్యాకర్ల తెలివి ముందు నిలవలేమనే మాట అక్కడ తరచూ వింటావు. దాన్ని నమ్మి చేతులు ముడుచుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. మన వ్యవస్థలు నేరగాళ్లకు లొంగిపోయేది చాలాసార్లు వాళ్ల ప్రతిభ వల్ల కాదమ్మా. ఉందని తెలిసిన లోపాన్ని మనం పూడ్చకుండా వదిలేయడం వల్ల.

2017లో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము దాడి జరిగిన తీరు చూడు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత ఏర్పాటులో ఒక లోపం బయటపడింది. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. ఆ లోపం గుండా చొరబడే సాధనం ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌కెక్కింది. దాడి మొదలైంది మే 12న. అంటే జాగ్రత్తపడటానికి దాదాపు రెండు నెలలు దొరికాయి. అయినా సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఫైళ్లకు తాళం పడింది. తీయాలంటే 300 డాలర్లు కట్టమని తెరమీద బెదిరింపు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి. మామూలు జాగ్రత్తలు పాటించి ఉంటే ఆసుపత్రులు తప్పించుకోగలిగేవని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది.

తప్పంతా తెలియక లింకు నొక్కే ఉద్యోగులదే అనేవాళ్లుంటారు. అలాంటి మోసాలూ నిజమే. కానీ వానాక్రై వ్యాపించడానికి ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేకపోయింది. ఒక యంత్రంలో చేరితే చాలు, నెట్‌వర్క్‌లో ప్యాచ్ లేని మరో యంత్రాన్ని తనే వెతుక్కుంటూ పాకింది. వీధి తలుపు దాటాక ఏ గదికీ గడియ లేని ఇల్లెలాంటిదో, లోపలున్న ప్రతిదాన్నీ నమ్మే నెట్‌వర్క్ అలాంటిది. ఆ అమరిక మనం చేసిందే, కాబట్టి మార్చగలిగేదీ మనమే.

ప్యాచ్ వేస్తే నడుస్తున్న పని ఆగిపోతుందన్నది ఇంకా బలమైన అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయకు. ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రాన్ని నడిపే పాత కంప్యూటర్‌ను తోచినట్టు మార్చడం కుదరదు. అందుకే ముందు రెండు మూడు యంత్రాల మీద పరీక్షించి, తర్వాత అన్నింటికీ వేయాలి. అసలు మార్చలేని దాన్ని మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీసి ఉంచాలి. కష్టమైన పని కదా అని వదిలేస్తే అది జాగ్రత్త అనిపించుకోదు.

ఎవరికీ తెలియని లోపాలుంటే ఏం చేస్తామని నువ్వే అడగవచ్చు. కోట్ల అక్షరాలతో మనుషులు రాసిన ప్రోగ్రాముల్లో అవి ఉండకుండా పోవు. వాటిని ముందుగా ఆపలేకపోయినా నష్టాన్ని తగ్గించగలం. నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా దాచిన బ్యాకప్, దాని నుంచి ఫైళ్లు నిజంగా తిరిగి వస్తాయో లేదో అప్పుడప్పుడూ చేసి చూడటం, ఎవరి పనికి ఎంత అవసరమో అంతే అనుమతి ఇవ్వడం: ఈ మూడూ తెలియని శత్రువు మీద కూడా పనిచేస్తాయి.

చేరిన వారంలోనే నీ చేతికిందున్న యంత్రాల జాబితా రాసుకో. ప్రతిదానికీ ప్యాచ్ వచ్చిన తేదీ, నువ్వు వేసిన తేదీ పక్కపక్కనే పెట్టు. ఆ రెంటి మధ్య ఎన్ని రోజులున్నాయో, దొంగకు మనం అన్ని రోజుల గడువు ఇచ్చినట్టే. దాన్ని నెలనెలా తగ్గించడమే నీ ఉద్యోగధర్మం అనుకో తల్లీ.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న