తొలి పందానికి సిద్ధమయ్యే చిరంజీవికి



ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పరుగెత్తాలన్న సంకల్పం మెచ్చదగినది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు, కాని ఆ సందర్భంలోనే 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది కనుక, ఇంతవరకు పందెంలో అడుగుపెట్టని యువకుడు దానితో ఆరంభించడమే సముచితం. పందెం తేదీ ఖరారైతే సాధన రేపటికి వాయిదా పడదు. వేలమంది పరుగెత్తేచోట ప్రథమ స్థానం ఒక్కరికే దక్కుతుంది గాని, నిరుటి తన సమయాన్ని ఈ ఏడు తగ్గించుకునే అవకాశం అందరికీ ఉంటుంది. పోటీలోని అసలు ఆనందం అక్కడే ఉన్నది.

పందానికి ఇంకా ఆరు నెలల వ్యవధి ఉన్నందున తొందర అనవసరం. జాష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో రూపొందించిన ‘కౌచ్ టు 5కె’ అనే తొమ్మిది వారాల క్రమం ఆరంభకులకు చక్కగా సరిపోతుంది. తొలివారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఐదు నిమిషాలు వడిగా నడిచిన తరువాత, 60 సెకన్ల పరుగును 90 సెకన్ల నడకతో మార్చి మార్చి 20 నిమిషాలపాటు చేయాలి. క్రమంగా నడక తగ్గి, పరుగు పెరిగి, చివరికి 5 కిలోమీటర్లు ఆగకుండా సాగుతుంది. మిగిలిన నెలల్లో ఆ దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటే 10 కిలోమీటర్లు అందుబాటులోకి వస్తాయి.

సాధనలో అధికభాగం నెమ్మదిగానే సాగాలి. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే సరైనదన్న కొలతను ‘టాక్ టెస్ట్’ అంటారు. ఆ వేగంలో కండరాలలోని సూక్ష్మ రక్తనాళాలు వృద్ధిచెంది, శరీరం ప్రాణవాయువును మరింత సమర్థంగా వినియోగించుకోవడం నేర్చుకుంటుంది. గుండె, ఊపిరి కొద్ది వారాలలోనే మెరుగుపడతాయి గాని, ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఈ తేడాను గమనించక, ఊపిరి అందుతున్నది కదా అని ఒక్కసారిగా దూరం పెంచేవారికే ‘షిన్ స్ప్లింట్స్’ అనే మోకాలి కింది ముందెముక నొప్పి ఎక్కువగా వస్తుంది. అడుగడుగునా పెరిగే నొప్పికి విశ్రాంతే మందు. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం వంటివి కనబడితే పరుగు ఆపి వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి.

పునాది కుదిరాక వారానికొకసారి ‘ఇంటర్వెల్స్’ చేయవచ్చు. అంటే రెండు నిమిషాలు వేగంగా పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, దానినే ఐదారుసార్లు తిరిగి చేయడం. హైదరాబాదు ఎత్తుపల్లాల నగరం కనుక వంతెనల ఎత్తులు ఎక్కడం అలవాటు చేసుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి, వేగం కొంత వదులుకోవడమే తెలివి. పైగా ఆగస్టులో ఎండ తక్కువైనా గాలిలో తేమ అధికం. చెమట ఆరక ఒళ్ళు చల్లబడదు కనుక చల్లని రోజు సాధించిన సమయాన్ని పందెం నాడు ఆశించరాదు.

పందెం రోజున ఛాతీమీద నాలుగు పిన్నీసులతో తగిలించుకునే అంకెల కాగితాన్ని ‘బిబ్’ అంటారు. సమయాన్ని నమోదుచేసే చిన్న చిప్ సాధారణంగా దాని వెనుకనే ఉంటుంది. పందెం ప్రారంభ సంకేతం నుండి లెక్కించేది ‘గన్ టైమ్’ కాగా, పరుగరి ఆరంభగీత దాటిన క్షణం నుండి లెక్కించేది ‘నెట్ టైమ్’. వెనుక వరుసలో నిలిచినవారికి ఈ రెండవది న్యాయం చేస్తుంది కనుక ముందుకు తోసుకుపోవలసిన పనిలేదు. జనం ఉత్సాహంలో కొట్టుకుపోయి మొదటి కిలోమీటరులోనే బలం వెచ్చించడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. తొలి మూడు కిలోమీటర్లు నింపాదిగా, నడుమ నాలుగు నిలకడగా, చివరి మూడు మిగిలిన శక్తికొలది పరుగెత్తాలి. కొత్త బూట్లు, అలవాటులేని ఫలహారం ఆ రోజున తగవు. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండే పాత బూట్లే మేలు.

తోటివారిని పలకరిస్తూ, నీళ్ళందించే వాలంటీర్లకు కృతజ్ఞత తెలుపుతూ పరుగెత్తేవారికి అలసట తక్కువగా తోస్తుంది. గమ్యం చేరాక నమోదైన సమయం ఎంతైనా అది చిరంజీవి సొంత రికార్డే అవుతుంది. దానిని డైరీలో రాసుకుని, వారం రోజులు తేలికగా గడిపి, తరువాతి పందానికి పేరు నమోదు చేసుకోవాలి. ఆరోగ్యాన్ని ఇచ్చేది ఒక్కనాటి పతకం కాదు, ఏళ్ళ తరబడి సాగే పరుగు. ఆ పరుగు సాగాలంటే అందులో సంతోషం ఉండాలి.

ఆయురారోగ్యాభివృద్ధిరస్తు.

ఇట్లు,
పెదనాన్న