మన కాలనీ మలుపు – కొన్ని జాగ్రత్తలు



ఈ సంచికలో షుగరు పేషెంట్ల పాదాల సంరక్షణ గురించి వ్రాయవలసి ఉంది. కాని గత నెలలో మన క్యాజువాలిటీకి వచ్చిన ఏడేళ్ల బాబును చూసిన తరువాత దానిని వచ్చే సంచికకు వాయిదా వేశాను. పాల ప్యాకెట్టు కోసం వెళ్లిన బాబుకు, ఆసుపత్రి వెనుక కాలనీ మలుపులో మోటారు సైకిలు తగిలి తొడ ఎముక విరిగింది. నడుము నుండి పాదం వరకు కట్టుతో ఇంకా వార్డులోనే ఉన్నాడు. బండి నడిపిన కుర్రవాడికి మోచేతికి కుట్లు వేస్తుంటే, "సిస్టరమ్మా, నాకు నిజంగా కనబడలేదు" అని ఏడ్చాడు.

నేను ఆ మాట నమ్మాను. మరునాడు డ్యూటీ అయ్యాక ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులను తీసుకొని అక్కడికి వెళ్లాను. మలుపు లోపలి వైపు ఒక ఇంటి ప్రహరీ గోడ, దానిపై నుండి రోడ్డు మీదకు వాలిన కాగితపు పూల చెట్టు, కింద ఇసుక కుప్ప. ఒక అమ్మాయిని మలుపు అవతల పిల్లవాడి ఎత్తుకు వంగి నిలబడమన్నాను. ఆమె నాకు కనబడేసరికి మా ఇద్దరి మధ్య ఇరవై అంగల దూరమే ఉంది. అంటే సుమారు 50 అడుగులు.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక సెకనులో సుమారు 46 అడుగులు పోతుంది. పిల్లవాడిని చూసి బ్రేకు వేయడానికే సుమారు ఒక సెకను పడుతుంది. బ్రేకు పట్టేసరికి 50 అడుగుల్లో నాలుగే మిగులుతాయి. అదే 30 కిలోమీటర్ల వేగమైతే, పొడి రోడ్డు మీద మొత్తం 43 అడుగులలో బండి ఆగిపోతుంది. ఇసుక, వాన ఉంటే ఇంకా ఎక్కువ దూరం కావాలి. మలుపులోకి వచ్చాక బ్రేకు గట్టిగా నొక్కితే బండి జారుతుంది గనుక ముందే వేగం తగ్గించుకోవాలి. ఎదుట ఎంత దూరం కనబడుతుందో అంతలో ఆగగలిగే వేగమే మలుపులో సరైన వేగం.

నడిచేవారు ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపున నడవాలని పిల్లలకు చెబుతాము. అది మంచిదే. కాని కుడికి తిరిగే ఇటువంటి మలుపులో గోడ పక్కన నడిస్తే ఎవరికీ కనబడము. మలుపు రాకముందే రోడ్డు దాటి, బయటి అంచున నడిచి, తరువాత మళ్లీ కుడివైపుకు రావాలి.

కాలనీవారు చాలాకాలంగా స్పీడ్ బ్రేకరు అడుగుతున్నారు. రెండేళ్ల క్రితం కొందరు విసిగిపోయి, రాత్రికి రాత్రి మలుపు మధ్యలోనే సిమెంటు దిమ్మె పోశారు. రంగు లేదు, బోర్డు లేదు. వారం తిరగకముందే భర్త వెనుక ఒకవైపుకు కూర్చున్న తల్లి, చంటిబిడ్డతో సహా పడింది. బిడ్డకు ఏమీ కాలేదు, తల్లికి నుదుటిపై తొమ్మిది కుట్లు పడ్డాయి. స్పీడ్ బ్రేకరు మలుపుకు ముందు, నేరుగా ఉన్న రోడ్డు మీద వేయాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన వీధుల్లో పోసే నిటారు దిమ్మెలు బండ్లను ఆపవు, పడవేస్తాయి.

ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయండి. ఆ బాబును ఎవరో కాళ్లు మడిచి ఆటోలో కూర్చోబెట్టి తెచ్చారు. ప్రేమతోనే చేశారు, కాని విరిగిన ఎముక లోపల ఇంకా కోసింది. పడుకోబెట్టి, కదలనీయకుండా ఉంచండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కాఫీపొడి, పసుపు వద్దు. నీళ్లు, సోడా తాగించవద్దు. తలకు దెబ్బ తగిలిన పిల్లలు వాంతులు చేసుకున్నా, మగతగా ఉన్నా పైకి గాయం లేదని ఆగకండి. పోలీసు కేసని భయపడవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సద్బుద్ధితో సహాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది.

ఆ ఇంటి యజమాని గారిని కలిసి అడిగితే, ఆదివారమే చెట్టు కొమ్మలు కొట్టించారు. మళ్లీ కొలిచాము. ఇరవై అంగలు ముప్పై రెండు అయ్యాయి! ఇసుక కుప్ప మాత్రం ఇంకా అక్కడే ఉంది. దానిని తీయించాలని, మలుపుకు ఇరువైపులా స్పీడ్ బ్రేకర్లు, హెచ్చరిక బోర్డులు పెట్టాలని మున్సిపల్ కమిషనరు గారికి అర్జీ వ్రాశాము. అది ఓపీ చీటీల కౌంటరు వద్ద ఉంది. కాలనీవారు వచ్చి సంతకాలు చేయగలరు.