గులాబీ రంగు పురుగు నేర్పే పాఠం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడి చేలలో పత్తి వేసే సోదరులకు గులాబీ రంగు పురుగు కొత్త కాదు. ప్రకృతి వరణం అంటే ఏమిటో దాని నుంచే గ్రహిద్దాం.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. దాని కాయ తొలిచిన పురుగులు చచ్చేవి. అయితే పురుగులన్నీ ఒకేలా పుట్టవు. విషాన్ని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉన్న కొన్ని బతికాయి. వాటి సంతానానికీ అదే గుణం సంక్రమించింది. 2006లో బీజీ-2 వచ్చినా, సుమారు పదేళ్లలో దాన్నీ తట్టుకునేవి పెరిగాయి. పురుగు కోరి మారలేదు. తట్టుకోలేనివి పోయి, తట్టుకున్నవి మిగిలాయి. 1859లో డార్విన్ వివరించింది ఈ సూత్రాన్నే.

కనుకనే చేను చుట్టూ నాన్‌బీటీ పత్తి వేయమన్నారు. అక్కడి మామూలు పురుగులతో అవి జతకడితే ఆ గుణం తొందరగా వ్యాపించదు. ఈ జాగ్రత్తను నిర్లక్ష్యం చేస్తే నష్టం మనకే.