గణనయంత్రముల కూటమి

విద్యుచ్ఛక్తి యెచ్చట పుట్టుచున్నదో యెరుగకయే మనము దీపము వెలిగించుకొందుము. గణనశక్తియు నట్లే తీగవెంబడి లభింపవలెనని శాస్త్రజ్ఞులు తలంచి, దూరదూరములనున్న కంప్యూటర్ల నొక కూటమిగా జేర్చిరి. విద్యుత్తు గ్రిడ్డును బట్టియే దీనికిని గ్రిడ్డను పేరు వచ్చినది.

1991లో పరమ్ 8000 యంత్రమును నిర్మించిన సి-డాక్ సంస్థయే పిమ్మట మన దేశమున 'గరుడ' యను గ్రిడ్డును నెలకొల్పెను. దాని తొలిదశలో 17 నగరములందలి 45 విద్యాపరిశోధనాలయములు కలుపబడినవి. అందు హైదరాబాదు నొకటి. ఒకచోట యంత్రములు ఖాళీగా నున్నవేళ మరియొకచోటి లెక్కను చేసిపెట్టుటయే దీని యుద్దేశము.

తీగలు కలిపినంతనే పని యగునా? తరగతిలో నలువది లెక్కలున్నచో నలువదిమంది బాలురు తలకొకటి చేసి త్వరలో ముగింతురు. కాని యొకని ఫలితము తేలినగాని రెండవవాడు మొదలిడరానిచో, తక్కినవారు పలకలు పట్టుకొని కూర్చుండవలసినదే! ఔషధమునకై వేలకొలది యణువులను విడివిడిగా పరీక్షించుట మొదటి తెగ పని. వాతావరణగణితమున ప్రక్కగడి ఫలితము మాటిమాటికి గావలెను. దానికి ఒక్కచోటనున్న మహాయంత్రమే మేలు.

అంతకంటె చిక్కైనది నమ్మకమని మా యభిప్రాయము. ముక్కుమొగ మెరుగనివాని పనిని మన యంత్రములోని కేల రానీయవలెను? ఇందుకై పరిశోధకుని గుర్తించి యంకరూపమైన ధ్రువపత్రము నొసగు అధికారస్థానము నేర్పరచిరి. దానిని యంత్రమే పరిశీలించును. గడువు దీరినచో నెంతటి పండితునికైనను, క్రొత్తది తెచ్చుకొనువరకు, ద్వారము తెరువబడదు.