క్రికెట్టు చూచువారి పరిహాసములు

గత సంవత్సరము మన క్రీడాస్థలమున పొరుగు పట్టణపు పాఠశాలవారితో జరిగిన క్రికెట్టు పందెమును మన బాలురు మరచియుండరు. పండ్రెండు పరుగులతో మనమే గెలిచితిమి. అయినను ఆ దినమున మా మనస్సున నిలిచినది గెలుపు గాదు, రెండు కేకలు.

వికెట్టు వెనుక నిలిచిన వారి బాలుడు మొదట రెండు సులభమైన క్యాచులను జారవిడిచెను. వేపచెట్టు క్రింద కూర్చున్న మనవా డొకడు, “తమ్ముడా, చేతులకు ఆముదము రాసికొని వచ్చితివా?” అని కేకవేసెను. అందరును నవ్విరి. ఆ బాలుడును నవ్వి, తన తొడుగులను చొక్కాకు తుడిచి మనవారివైపు చూపెను. అది చూచి మనవారు చప్పట్లు గొట్టిరి. కొంతసేపటికి మరియొక కేక వినబడెను. అది ఆ బాలుని తండ్రి చేయు వృత్తిని గూర్చినది. ఆ మాట నిచ్చట వ్రాయము. ఈసారియు కొందరు నవ్విరి గాని ఆ బాలుడు నవ్వలేదు. తరువాత నతడు ఒక్క బంతియు విడువలేదు, ఒక్క మాటయు పలుకలేదు. ఆట ముగిసినపిమ్మట తన తోడివారితో కూడ ఫలాహారమునకు రాక, గేటువద్ద నిలిచియుండెను.

మేము పరుగుల లెక్కపుస్తకముతో పది యడుగుల దూరముననే యుంటిమి. వింటిమి. లేచి మందలింపవలసినదే. ఈ ఓవరు ముగియనిమ్మని యూరకుంటిమి. ఓవరు ముగిసెను, మరియొకటి మొదలయ్యెను, మేము లేవనేలేదు. యాకోబు పత్రికలో నాలుకను గూర్చిన అధ్యాయమును ఏటేట తరగతిలో బోధించువారము మేమే.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే. మొదటి కేకకును రెండవ కేకకును నడుమనున్న గీత యెచ్చటనున్నది? పరిహాసమంతయు తప్పని మేము చెప్పబోము. అట్లు చెప్పినచో మన పల్లెలలో పెండ్లిండ్లే జరుగవు. వియ్యాలవారి విందులో పప్పు పలుచనైనదని మగపెండ్లివారును, తిన్నవారి కడుపులే లోతైనవని ఆడపెండ్లివారును అనుకొనుట మన యెరుకలోనిదే. ఒకే బంతిలో కూర్చున్నవారు ఒకరి నొకరు నవ్వించుకొనుటకు అదొక హక్కు. క్రికెట్టును చూచువారి పరిహాసముకూడ ఆ జాతిదే. అది యెట్లు పుట్టినదో, ఎట్లు చెడినదో ఒకటి రెండు నిజమైన వృత్తాంతములవలన చూతము.

దేశముల నడుమ ఐదుదినములు జరుగు పందెమును టెస్టు మ్యాచి యందురు. వెనుకటి కాలమున ఈ దినముల సంఖ్య వేరువేరుగా నుండెడిది. ఇంగ్లండునకును ఆస్ట్రేలియాకును జరిగిన మొదటి టెస్టు 1877 మార్చిలో మెల్‌బోర్నున జరిగెను. ఆస్ట్రేలియావారు 45 పరుగులతో గెలిచిరి. 1882 ఆగస్టున లండనులోని ఓవలు మైదానమున ఇంగ్లండువారు గెలుపునకు 85 పరుగులు చేయవలసియుండగా 77 పరుగులకే అందరును ఔటైరి. స్పాఫర్తు అను ఆస్ట్రేలియా బౌలరు ఆ పందెమున 14 వికెట్లు తీసెను. స్వదేశపు టెస్టులో ఆస్ట్రేలియాకు ఇంగ్లండు ఓడుట అదే ప్రథమము. అప్పుడు ‘స్పోర్టింగ్ టైమ్స్’ అను పత్రికలో ఒక మరణవార్త వెలువడెను. చనిపోయినది మనుష్యుడు గాడు, ఇంగ్లండు క్రికెట్టు! దహనానంతరము బూడిదను ఆస్ట్రేలియాకు కొనిపోదురట! నేటికిని ఈ రెండు దేశముల టెస్టు పోటీలకు ‘యాషెస్’, అనగా బూడిద, అను పేరు నిలిచియున్నది. 1882–83 పర్యటనకు ఆస్ట్రేలియా వెళ్లిన ఆంగ్లనాయకుడు ఐవో బ్లై అనువానికి అచ్చటి స్త్రీలు కొందరు సుమారు నాలుగంగుళముల యెత్తుగల మట్టిపాత్ర నొకదానిని బహూకరించిరి. అది యిప్పుడు లండనులోని లార్డ్సు మైదానపు ప్రదర్శనశాలలో నున్నది.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఆ మరణవార్తను వ్రాసిన బ్రూక్సు అనువాడు ఆంగ్లేయుడే. ఓడినవారే తమ్మును తాము చూచి నవ్వుకొనిరి. ఇంత పెద్ద పోటీకి పేరుపెట్టిన హాస్యము శత్రువు మీద వేసినది గాదు.

సిడ్నీ నగరపు మైదానములో పూర్వము ‘హిల్’ అని పిలువబడు పచ్చికగుట్ట యుండెడిది. టిక్కెట్టునకు ఎక్కువ పెట్టలేని జనము అచ్చట కూర్చుండెడివారు. వారిలో స్టీఫెన్ గాస్కోయిను అనునొకడు కుందేటి మాంసమును వీధులలో అమ్ముకొని జీవించెడివాడు. వాని నందరును ‘యాబా’ యని పిలిచెడివారు. వీధులలో సరకు పేరు కేకవేసి కేకవేసి రాటుదేలిన గొంతుక గనుక, వాని మాట మైదానమంతట వినబడెడిది. క్రికెట్టులో బంతి నేలను తాకు దూరమును ‘లెంగ్తు’, అనగా పొడుగు, అందురు. ఒక బౌలరు బంతులను వికెట్లకు దూరముగా అటునిటు వేయుచుండగా యాబా, “నీ బంతి పొడుగు బాగులేదు గాని, వెడల్పు మాత్రము దివ్యముగా నున్నది” అను భావము వచ్చునట్లు అరచెనని చెప్పుదురు. ఆట తెలియనివాడు ఈ మాట ననజాలడు. ఆటను కన్నార్పక చూచినవాడే అనగలడు. అందుచేతనే ఆటగాండ్రకు వానిమీద కోపము లేకుండెను. ఇంగ్లండు దేశపు మహా బ్యాట్సుమను జాక్ హాబ్సు సిడ్నీలో చివరిసారి ఆడినప్పుడు, యాబాను వెదకికొని పోయి కరచాలనము చేసెనట. యాబా 1942 లో చనిపోయెను. ఆ గుట్ట యిప్పుడు లేదు. దాని చోట కట్టడములు లేచినవి. అయితే 2008 లో ఆ మైదానమున వాని కంచువిగ్రహమును నిలిపిరి. నోటికి చేయి అడ్డముపెట్టి కేకవేయుచున్నట్లు కుర్చీల నడుమ కూర్చున్నాడు. పరుగులు చేయక, వికెట్లు తీయక, మాట చేతనే మైదానమున విగ్రహము సంపాదించినవాడు మరియొకడు కలడో లేడో!

ఇక చెడిన కథ. 1930 లో ఇంగ్లండున ఆడిన ఐదు టెస్టులలో ఆస్ట్రేలియా యువకుడు డొనాల్డు బ్రాడ్‌మను 974 పరుగులు చేసెను. ఆతని నాపుటకు 1932–33 లో ఆంగ్లనాయకుడు డగ్లాసు జార్డీను ఒక ఉపాయము పన్నెను. లార్వుడు, వోసు అను వేగపు బౌలర్లు బంతిని పొట్టిగా కొట్టి బ్యాట్సుమను దేహము మీదికి లేపుదురు. వాడు తన్ను కాపాడుకొనుటకు బ్యాటు అడ్డము పెట్టినచో, ఎడమప్రక్కన గుమిగూడిన ఫీల్డర్లు బంతిని పట్టుదురు. దీనిని ‘బాడీలైను’ అనిరి. నియమములలో దీనికి నిషేధము లేకుండెను. ఆంగ్లజట్టులోని గబ్బీ ఆలెను అట్లు బౌలింగు చేయనొల్లనెను. మన దేశపు పటౌడీ నవాబు ఇంగ్లండు పక్షమున సిడ్నీలో తన మొదటి టెస్టులోనే 102 పరుగులు చేసినను, ఆ ఎడమప్రక్క వలయమున నిలువ నిరాకరించెను. రెండవ టెస్టు తరువాత ఆతనికి ఆ పర్యటనలో టెస్టు ఆడు అవకాశము రాలేదు.

1933 జనవరి 14 న అడిలెయిడున యాబదివేలకు మించిన జనము చూచుచుండగా, లార్వుడు వేసిన బంతి ఆస్ట్రేలియా నాయకుడు వుడ్‌ఫుల్లు గుండెమీద తగిలెను. ఆతడు బ్యాటు జారవిడిచి వంగిపోయెను. కొంతసేపటికే జార్డీను ఫీల్డర్లను ఎడమప్రక్కకు మార్చెను. జనము కేకలతో మైదానము దద్దరిల్లెను. రెండు దినముల పిమ్మట ఓల్డుఫీల్డు తలకు బంతి తగిలి పుఱ్ఱె చిట్లెను. ఆ బంతిని బాడీలైను పద్ధతిని వేయలేదు. బౌలరు తప్పు లేదని ఓల్డుఫీల్డే చెప్పెను. అయినను గుంపునకు వివరము లెక్కడివి? జనము కంచె దాటి వచ్చునేమోయని ఆటగాండ్రు భయపడిరి. ఆస్ట్రేలియా బోర్డువారు లండనునకు తంతి పంపి, ఈ పద్ధతి క్రీడాధర్మమునకు విరుద్ధమనిరి. లండనువారు ఆ మాటకు ఆగ్రహించిరి. ఒక బంతితో మొదలైనది రెండు ప్రభుత్వముల చెవులవరకు పోయెను. ఇంగ్లండు 4–1 తో గెలిచినది గాని ఆ గెలుపును తలచుకొని నేటికిని ఎవరును మనసార సంతోషింపరు.

ఆ పర్యటనలోనే జార్డీను ముఖము మీది ఈగలను తోలుకొనుచుండగా, సిడ్నీ గుట్టమీదినుండి, “మా ఈగల జోలికి పోకుము, ఈ దేశమున నీకున్న స్నేహితు లవియే” యని యొకరు కేకవేసినట్లు చెప్పుదురు. దానిని యాబాకే అంటగట్టుదురు. ఈ మాటలో కోపము లేకపోలేదు. అయినను ఆ కోపము జార్డీను మైదానమున చేసినపని మీదిదే. ఆతని పుట్టుకను గాని తల్లిదండ్రులను గాని అది తాకలేదు.

ఇంకొక చిత్రము చూడుడు. అదే సంవత్సరము ఫిబ్రవరిలో సిడ్నీలో చివరి టెస్టు జరిగెను. ఆ జనము పండ్లు కొరుకుచు ద్వేషించిన లార్వుడు బ్యాటు పట్టి 98 పరుగులు చేసి, రెండు పరుగులలో నూరు తప్పి ఔటయ్యెను. ఆతడు తిరిగి వచ్చుచుండగా ఆ గుట్టజనమే లేచి చప్పట్లు గొట్టిరి. తరువాత ఇంగ్లండు ఆతని నెన్నడును టెస్టు ఆడనీయలేదు. బొగ్గుగని కూలియై బ్రదుకు నారంభించిన ఆ మనుష్యుడు కొన్నాళ్లు బ్లాక్‌పూలున మిఠాయికొట్టు నడిపెను. 1950 లో, ఒకప్పుడు తన బంతుల దెబ్బలు తిన్న జాక్ ఫింగిల్టను ప్రోత్సాహమున, కుటుంబముతో ఆస్ట్రేలియాకే వలసపోయెను. ఎక్కిన ఓడ ‘ఒరాంటిసు’. 1932 లో ఆతనిని జట్టుతో కూడ తీసికొనిపోయినదియు అదియే. 1995 లో మరణించువరకు సిడ్నీలోనే నివసించెను.

ఇట్టి సిడ్నీలోనే 2021 జనవరిలో రెండవ కేక వినబడెను. మన హైదరాబాదు బిడ్డ మహమ్మదు సిరాజు సరిహద్దు వద్ద ఫీల్డింగు చేయుచు, ప్రేక్షకులు కొందరు తన్ను దూషించిరని అంపైర్లకు చెప్పెను. ఆతని తండ్రి ఆటోరిక్షా నడిపి కుమారుని పెంచినవాడు. ఆ పర్యటన మొదలైనపుడే, 2020 నవంబరున, తండ్రి గతించెను; కుమారుడు ఇంటికి పోక జట్టుతోనే నిలిచెను. ఆట కొన్ని నిమిషము లాగెను. ఆర్గురు ప్రేక్షకులను వెలుపలికి పంపిరి. భారత క్రీడాకారులు జాతిదూషణకు గురియైన మాట నిజమని ఆస్ట్రేలియా క్రికెట్టు సంస్థవారు విచారించి యొప్పుకొనిరి. అయితే వెలుపలికి పంపబడిన ఆ యార్గురు ఆ మాట లన్నవారు కారని తేలెను. గుంపులో పుట్టిన మాటకు తండ్రి దొరకడు! మరునాడు కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడకండరము పట్టివేసినను 161 బంతులు కాచుకొని నిలువగా, అశ్వినుతో కలిసి ఆ టెస్టును ఓడకుండ దాటించెను. జనవరి 19 న బ్రిస్బేనున మనవారు మూడు వికెట్లతో గెలిచిరి. రెండవ ఇన్నింగ్సులో సిరాజు 73 పరుగులకు 5 వికెట్లు తీసెను.

దీని నంతయు పరదేశీయుల పాపముగా లెక్కించుకొని మనము చేతులు కడుగుకొనరాదు. 2007 అక్టోబరున ఒకదినపు పందెములలో వడోదర, ముంబయి ప్రేక్షకులు కొందరు ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్సును కోతికూతలతో అవమానించిరి. వారు మనవారే. 1999 జనవరి 31 న మద్రాసు చేపాకమున టెండూల్కరు 136 పరుగులు చేసియు, గెలుపు 12 పరుగుల దూరమున తప్పిపోగా, కన్నీరు తుడుచుకొనుచు లేచి నిలిచి పాకిస్తాను జట్టునకు కరతాళధ్వనులు చేసినవారును మనవారే. ఆ జట్టువారు ఆ చప్పట్ల నడుమ మైదానము చుట్టివచ్చిరి. మనమును గత సంవత్సరము పండ్రెండు పరుగుల తేడాతోనే గెలిచితిమి గదా యని, ఆ సంఖ్య తలపునకు వచ్చినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగుచున్నది.

ఈ సంవత్సరపు పందెము వారి ఊర జరుగును. మనవారు ముప్పదిమంది బాలురు చూచుటకు పోవుటకై పేర్లిచ్చిరి. రెండవ కేక వేసినవాడును వారిలో కలడు, పేరు మాకు తెలియును. వికెట్టు వెనుక నిలిచిన ఆ బాలుడే యిప్పుడు వారి జట్టునకు నాయకుడట. ఆట మొదలగుటకు ముందే ఆతనితో మేము మాటాడవలసియున్నది.